మ్యాచ్ మొత్తం లాప్‌టాప్‌లో రికార్డ్ కావాలా? క్యామ్‌కార్డర్ కొనేముందు ఈ విషయాలు చూడకపోతే డబ్బు వృథా!

సంక్రాంతి వచ్చిందంటే చాలు.. ఊరూరా కబడ్డీ, క్రికెట్, వాలీబాల్ టోర్నమెంట్లే. ఒకప్పుడు ఆట చూడాలంటే బరి చుట్టూ నిలబడాల్సిందే. ఇప్పుడు అలా కాదు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటున్న అన్నయ్య, డల్లాస్‌లో ఉన్న బాబాయి కూడా సొంతూరి ఫైనల్ చూడాలంటున్నారు. ఇంకోపక్క అకాడమీల్లో కోచ్‌లు ప్రతి రైడ్‌ని, ప్రతి ఓవర్‌ని మళ్లీ మళ్లీ చూసి పిల్లలకు తప్పులు చెబుతున్నారు. సెలెక్షన్స్‌కి వెళ్లే కుర్రాళ్లకు తమ ఆట ఎలా ఉందో చూపించే వీడియో ఒకటి చేతిలో ఉంటే ఎంతో ధైర్యం.

వీటన్నింటికీ కావాల్సింది ఒక్కటే. మ్యాచ్ మొదటి నుంచి చివరి దాకా, ఎక్కడా తెగకుండా, కంప్యూటర్‌లోకి రికార్డ్ కావాలి. ఫోన్‌తో తీస్తే జూమ్ చాలదు, వేడెక్కుతుంది, మధ్యలో కాల్ వస్తుంది. అందుకే చాలామంది క్యామ్‌కార్డర్ వైపు చూస్తున్నారు. తలా కొంత వేసుకుని కొంటున్నారు కూడా. తీరా మ్యాచ్ రోజు లాప్‌టాప్‌కి కనెక్ట్ చేస్తే స్క్రీన్ మీద ఏమీ రాదు. కెమెరా మంచిదే, లాప్‌టాప్ మంచిదే. కానీ రెండూ ఒకదాని మాట ఒకటి వినవు!

పెళ్లి వీడియోలో ఏదైనా మిస్ అయితే తలంబ్రాలు మళ్లీ పోయించి తీసుకోవచ్చు. ఆటలో రీటేక్ ఉండదు. చివరి రైడ్‌లో కాలు బోనస్ లైన్ దాటిందా లేదా అన్నది ఒక్కసారే జరుగుతుంది. కాబట్టి కొనేముందే చూసుకోవాల్సిన విషయాలు ఏంటి? ఏది ఉంటే పని జరుగుతుంది? ఏది లేకపోతే ఇబ్బంది? పూర్తి వివరాలు చూద్దాం.

'యూఎస్‌బీ ఉంది కదా' అనుకుంటే అక్కడే పొరపాటు

ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. క్యామ్‌కార్డర్‌కి యూఎస్‌బీ పోర్ట్ ఉంటుంది. లాప్‌టాప్‌కీ ఉంటుంది. మధ్యలో కేబుల్ పెడితే వీడియో వచ్చేస్తుందనుకుంటారు. కానీ చాలా క్యామ్‌కార్డర్లలో ఆ యూఎస్‌బీ ఉన్నది రెండు పనులకే. ఒకటి బ్యాటరీ చార్జింగ్, రెండోది మెమరీ కార్డులో ఇప్పటికే రికార్డయిన ఫైళ్లను కాపీ చేసుకోవడం. అంటే కంప్యూటర్ దృష్టిలో ఆ కెమెరా ఒక పెన్‌డ్రైవ్ లాంటిది. ఎదురుగా జరుగుతున్న ఆట ఆ తీగలోంచి రాదు.

యూఎస్‌బీ ద్వారా నేరుగా లైవ్ వీడియో రావాలంటే కెమెరాలో 'యూవీసీ' అనే సదుపాయం ఉండాలి. యూఎస్‌బీ వీడియో క్లాస్ అనే ప్రమాణానికి అది పొట్టి పేరు. మామూలు వెబ్‌క్యామ్‌లు పనిచేసేది ఈ పద్ధతిలోనే. యూవీసీ ఉన్న కెమెరాను తగిలిస్తే విండోస్ అయినా, మ్యాక్ అయినా, లైనక్స్ అయినా విడిగా డ్రైవర్ సాఫ్ట్‌వేర్ లేకుండానే గుర్తుపడుతుంది. ఉదాహరణకు కెనాన్ 2022లో తెచ్చిన హెచ్‌ఎఫ్ జీ70, ఎక్స్ఏ60, ఎక్స్ఏ70 సిరీస్‌లలో ఈ సదుపాయం ఉంది. పాత హ్యాండీక్యామ్‌లలో చాలావాటికి లేదు. షాపులో 'యూఎస్‌బీ ఉందా' అని అడిగితే ఎవరైనా ఉందనే చెబుతారు. అడగాల్సింది 'యూవీసీ ఉందా' అని.

యూవీసీ లేకపోతే దారేంటి? హెచ్‌డీఎంఐ ప్లస్ క్యాప్చర్ కార్డ్

యూవీసీ లేనంత మాత్రాన కెమెరా పనికిరాదని కాదు. దాదాపు ప్రతి క్యామ్‌కార్డర్‌కి హెచ్‌డీఎంఐ అవుట్ ఉంటుంది. టీవీకి పెట్టుకుని చూసేందుకు ఇచ్చిన పోర్ట్ అది. అయితే దాన్ని లాప్‌టాప్‌లో ఉన్న హెచ్‌డీఎంఐకి నేరుగా పెడితే పని జరగదు. ఎందుకంటే లాప్‌టాప్‌లో ఉన్నది కూడా 'అవుట్' పోర్టే. బొమ్మను బయటకు పంపుతుంది తప్ప లోపలికి తీసుకోదు. మధ్యలో క్యాప్చర్ కార్డ్ అనే చిన్న పరికరం ఉండాలి. ఒక వైపు హెచ్‌డీఎంఐ, ఇంకో వైపు యూఎస్‌బీ. కెమెరా సిగ్నల్‌ని కంప్యూటర్‌కి అర్థమయ్యేలా మార్చేది ఇదే.

ఈ దారిలో వెళ్లాలంటే కెమెరా విషయంలో మూడు సంగతులు చూసుకోవాలి.

మొదటిది.. క్లీన్ అవుట్‌పుట్. కెమెరా స్క్రీన్ మీద బ్యాటరీ గుర్తు, టైమ్, ఫోకస్ డబ్బాలు కనిపిస్తుంటాయి. కొన్ని మోడళ్లలో అవన్నీ హెచ్‌డీఎంఐలో కూడా వచ్చేస్తాయి. అంటే మ్యాచ్ వీడియో మీద మూల ఎర్రటి బ్యాటరీ బొమ్మ కూడా రికార్డ్ అవుతుంది. మెనూలో ఈ సమాచారాన్ని కెమెరా తెరకే పరిమితం చేసే ఆప్షన్ ఉందో లేదో కొనేముందే వెతకాలి.

రెండోది.. పోర్ట్ సైజు. హెచ్‌డీఎంఐలో పెద్దది, మినీ, మైక్రో అని మూడు రకాలున్నాయి. సోనీ ఎఫ్‌డీఆర్-ఏఎక్స్43, పానసోనిక్ హెచ్‌సీ-వీ785 లాంటి చిన్న క్యామ్‌కార్డర్లలో ఉండేది మైక్రో. ఇది చాలా సున్నితం. ఎవరి కాలైనా కేబుల్‌కి తగిలిందంటే పోర్ట్ వదులైపోతుంది. అలాంటి కెమెరా కొంటే కేబుల్‌ని ట్రైపాడ్ కాలికి టేపుతో కట్టేయడం అలవాటు చేసుకోవాలి. లాగినప్పుడు ఆ బలం టేపు మీద పడుతుంది తప్ప పోర్ట్ మీద పడదు.

మూడోది.. కార్డులో రికార్డ్ చేస్తూనే హెచ్‌డీఎంఐలో కూడా పంపుతుందా? కొన్ని మోడళ్లు 4కేలో రికార్డ్ చేస్తున్నప్పుడు బయటకు పంపే సిగ్నల్‌ని తగ్గించేస్తాయి. రెండూ ఒకేసారి నడిస్తేనే భద్రత. అదెందుకో కింద తెలుస్తుంది.

క్యాప్చర్ కార్డ్ డబ్బా మీద '4కే' అని ఉంటే నమ్మేయొచ్చా?

తొందరపడొద్దు. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే బుల్లి క్యాప్చర్ కార్డుల మీద 4కే అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. దానర్థం 4కే సిగ్నల్‌ని లోపలికి తీసుకోగలదని మాత్రమే. కంప్యూటర్‌కి ఇచ్చేటప్పుడు దాన్ని 1080పీకి, అదీ సెకనుకు 30 ఫ్రేములకు కుదించే రకాలే ఎక్కువ.

లెక్క చూస్తే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. ఫుల్ హెచ్‌డీ బొమ్మలో 1920 అడ్డం, 1080 నిలువు చుక్కలుంటాయి. ఒక్కో చుక్కకు 2 బైట్లు అనుకుంటే ఒక్క ఫ్రేమ్ సుమారు 4 ఎంబీ. సెకనుకు 50 ఫ్రేములంటే 207 ఎంబీ. యూఎస్‌బీ 2.0 కాగితం మీద చూపించే గరిష్ఠ వేగమే సెకనుకు 60 ఎంబీ. పట్టదు కదా! అందుకే యూఎస్‌బీ 2.0 కార్డులు బొమ్మను గట్టిగా నొక్కి, అంటే కంప్రెస్ చేసి పంపుతాయి. కూర్చుని మాట్లాడే మీటింగ్‌కి అది చాలు. దూసుకెళ్లే బంతికి, గింగిరాలు తిరిగే రైడర్‌కి చాలదు. అంచులు మసకబారతాయి, గడ్డి ముద్దలా కనిపిస్తుంది.

యూఎస్‌బీ 3.0 వేగం సెకనుకు 5 గిగాబిట్లు. ఆటల కోసం అయితే యూఎస్‌బీ 3.0 క్యాప్చర్ కార్డే తీసుకోవాలి. దాన్ని లాప్‌టాప్‌లో కూడా 3.0 పోర్టుకే పెట్టాలి. పాత పోర్టుకి పెడితే ఎంత మంచి కార్డయినా నీరసపడిపోతుంది.

50 ఫ్రేములా? 60 ఫ్రేములా? అమెరికా నుంచి తెప్పించుకునేవాళ్లు ఇది తప్పక చూడాలి

తెలుగు ఇళ్లలో ఎక్కువగా జరిగేది ఇదే. 'అక్కడ తక్కువకు వస్తుంది, వచ్చేటప్పుడు తెస్తాలే' అని అమెరికాలో ఉన్న చుట్టాలు చెబుతారు. కెమెరా వస్తుంది. చార్జర్ 100 నుంచి 240 వోల్టుల వరకు పనిచేసేదే కాబట్టి ఆ ఇబ్బంది ఉండదు. సమస్య ఫ్రేముల దగ్గర వస్తుంది.

మన దేశంలో కరెంటు సెకనుకు 50 ఆవృత్తులతో (సైకిల్స్) నడుస్తుంది. దీన్నే 50 హెర్ట్జ్ అంటారు. అమెరికాలో 60 హెర్ట్జ్. మన దగ్గర పాత ట్యూబ్‌లైట్లు, మెటల్ హాలైడ్ ఫ్లడ్‌లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. కంటికి తెలియదు కానీ కెమెరాకు తెలుస్తుంది. అమెరికా మార్కెట్ కోసం చేసిన కెమెరాలు 30, 60 ఫ్రేముల్లో తీస్తాయి. మన లైట్ల కింద అలా తీస్తే బొమ్మ వెలుగుతూ ఆరుతూ, అలలు పోతున్నట్టు కనిపిస్తుంది. పగలు ఎండలో ఇబ్బంది లేదు. రాత్రి మ్యాచ్‌లు, ఇండోర్ హాల్ అయితేనే తలనొప్పి.

మన మార్కెట్‌లో అమ్మే కెమెరాలు 25, 50 ఫ్రేముల్లో పనిచేస్తాయి. కొన్ని ప్రొఫెషనల్ మోడళ్లలో 50, 60 రెండింటి మధ్య మార్చుకునే వీలు కూడా ఉంటుంది. చిన్న కెమెరాల్లో చాలావాటికి అది ఉండదు. ఇప్పటికే 60 ఫ్రేముల కెమెరా చేతిలో ఉంటే షట్టర్ స్పీడ్‌ని సెకనులో 100వ వంతుకు పెట్టి చూడాలి. మినుకులు చాలావరకు తగ్గుతాయి.

ఇక ఆటలకు సెకనుకు 25 ఫ్రేములు తక్కువే. 50 ఫ్రేములు ఉంటేనే కదలిక నున్నగా ఉంటుంది, ఆపి చూసినప్పుడు అవసరమైన క్షణం దొరుకుతుంది. 4కే 25 ఫ్రేములు, ఫుల్ హెచ్‌డీ 50 ఫ్రేములు.. ఈ రెండిట్లో ఒకటి ఎంచుకోవాల్సి వస్తే ఆటల విషయంలో రెండోదే నయం.

చివర్లో 'ఐ' ఉందా.. 'పీ' ఉందా?

1080ఐ, 1080పీ.. చూడ్డానికి ఒక్క అక్షరమే తేడా. కానీ కంప్యూటర్‌లో చూస్తే చాలా తేడా. 'ఐ' అంటే బొమ్మను సగం సగం చేసి, ఒకసారి సరి వరుసలు, ఒకసారి బేసి వరుసలు పంపే పాత టీవీ పద్ధతి. లాప్‌టాప్‌లో చూస్తే పరిగెత్తే ఆటగాడి చేతుల చుట్టూ దువ్వెన పళ్లలాంటి గీతలు కనిపిస్తాయి. 'పీ' అంటే ప్రతిసారీ పూర్తి బొమ్మే.

కొన్ని క్యామ్‌కార్డర్లు లోపల 'పీ'లో రికార్డ్ చేస్తూనే హెచ్‌డీఎంఐలో 'ఐ' పంపుతుంటాయి. మెనూలో హెచ్‌డీఎంఐ రిజల్యూషన్‌ని 'ఆటో'లో వదిలేయకుండా 1080పీకి మార్చుకోవాలి. కెమెరాలో 'ఐ' మాత్రమే ఉంటే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో డీ-ఇంటర్‌లేస్ అనే ఆప్షన్ ఆన్ చేయాలి. గీతలు పోతాయి కానీ అసలు 'పీ' అంత స్పష్టత రాదు.

జూమ్ ఎంత కావాలి? ఏ ఆట అన్నదాన్ని బట్టి లెక్క

డబ్బా మీద 200ఎక్స్, 300ఎక్స్ అని కనిపించినా పట్టించుకోవద్దు. అది డిజిటల్ జూమ్. బొమ్మను కత్తిరించి సాగదీయడమే. చూడాల్సింది ఆప్టికల్ జూమ్ మాత్రమే.

క్రికెట్‌కి దూరం ఎక్కువ. బౌండరీ అవతల నుంచి, బౌలర్ వెనక వైపు నుంచి తీస్తే బ్యాటర్ 80 నుంచి 100 మీటర్ల దూరంలో ఉంటాడు. 20ఎక్స్ ఆప్టికల్ జూమ్ ఉన్న సోనీ ఏఎక్స్43 లాంటి కెమెరాను పూర్తిగా జూమ్ చేస్తే 100 మీటర్ల దూరంలో సుమారు ఆరున్నర మీటర్ల వెడల్పు కనిపిస్తుంది. బ్యాటర్, కీపర్, స్టంప్స్ చక్కగా పడతాయి. అంటే క్రికెట్‌కి 20ఎక్స్ సరిపోతుంది. అంతకన్నా బాగా తక్కువుంటే బ్యాటర్ చిన్నగా కనిపిస్తాడు.

కబడ్డీకి లెక్క తిరగబడుతుంది. ఇక్కడ జూమ్ కాదు, వెడల్పు కావాలి. పురుషుల కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. అదే కెమెరాను అసలు జూమ్ చేయకుండా పెట్టినా, 10 మీటర్లు వెనక్కి జరిగితేనే దగ్గరి లైన్ మొత్తం ఫ్రేమ్‌లో పడుతుంది. ఇండోర్ హాల్లో గోడ అడ్డొచ్చి 6 మీటర్లకే ఆగిపోతే దగ్గరి లైన్‌లో 8 మీటర్లే కనిపిస్తుంది. రైడర్ ఒక మూలకి వెళ్తే ఫ్రేమ్‌లో ఉండడు. ఇలాంటి చోట వైడ్ లెన్స్ అడాప్టర్ పెట్టుకునే వీలున్న కెమెరా చూసుకోవాలి. లేదంటే ఎత్తుగా, కాస్త మూల నుంచి తీయాలి. బ్యాడ్మింటన్, వాలీబాల్‌కి కూడా ఇదే సూత్రం.

రాత్రి మ్యాచ్‌లు ఎక్కువైతే ఇంకో విషయం. పెద్ద సెన్సర్ ఉంటే తక్కువ వెలుతురులోనూ బొమ్మ శుభ్రంగా వస్తుంది. ఒక అంగుళం సెన్సర్ ఉన్న సోనీ ఏఎక్స్700కి 12ఎక్స్, కెనాన్ ఎక్స్ఏ75కి 15ఎక్స్ ఆప్టికల్ జూమ్ ఉంటుంది. సెన్సర్ పెరిగేకొద్దీ జూమ్ తగ్గుతుంది, ధర పెరుగుతుంది. పగటి పూట క్రికెట్‌కి 20ఎక్స్, రాత్రి కబడ్డీకి పెద్ద సెన్సర్.. అలా అవసరాన్ని బట్టి ఎంచుకోవాలి.

మిర్రర్‌లెస్ కెమెరా ఉంది, అది చాలదా?

ఫొటోలకు వాడే కెమెరాతోనూ వీడియో తీయొచ్చు. కానీ వాటిలో చాలా మోడళ్లు 29 నిమిషాల 59 సెకన్లకు రికార్డింగ్ ఆపేస్తాయి. కారణం వింటే ఆశ్చర్యం వేస్తుంది. 30 నిమిషాలు, అంతకుమించి రికార్డ్ చేసే కెమెరాలను యూరప్‌లో వీడియో కెమెరాగా లెక్కగట్టి ఎక్కువ సుంకం వేసేవారు. అది తప్పించుకోవడానికి కంపెనీలు పెట్టిన గీత అది. కొత్త మోడళ్లలో కొన్నింటికి ఈ పరిమితి తీసేశారు. అయినా వేడెక్కి ఆగిపోయే సమస్య ఉండనే ఉంది.

కబడ్డీలో ఒక్కో హాఫ్ 20 నిమిషాలు, మధ్యలో 5 నిమిషాల విరామం. మొదట్లో ఆన్ చేసి వదిలేస్తే రెండో హాఫ్ మొదలైన ఐదు నిమిషాలకే కెమెరా ఆగిపోతుందన్నమాట. అసలు ఆట అంతా ఉండేది ఆ తర్వాతే! క్యామ్‌కార్డర్లకు ఇలాంటి గీత ఉండదు. కార్డు నిండేవరకు తీస్తూనే ఉంటాయి. ఆటల రికార్డింగ్‌కి క్యామ్‌కార్డర్‌నే ఎక్కువగా ఎంచుకోవడానికి ఇదో ముఖ్య కారణం.

పాత హ్యాండీక్యామ్ చవగ్గా వస్తోందా? జాగ్రత్త

సెకండ్ హ్యాండ్‌లో టేపు వేసే మినీ డీవీ కెమెరాలు ఇప్పటికీ కనిపిస్తుంటాయి. ఒకప్పుడు ఇవి ఫైర్‌వైర్ అనే తీగ ద్వారా కంప్యూటర్‌లోకి లైవ్ వీడియో చక్కగా పంపేవి. సోనీ దీన్నే ఐ-లింక్ అనేది. ఇప్పటి లాప్‌టాప్‌లలో ఆ పోర్టే లేదు. పైగా ఒక గంట వీడియోకి 13 జీబీ దాకా తినేస్తుంది, అదీ పాత టీవీ నాణ్యతతో. రెండు వేలకే వస్తోందని తీసుకుంటే తీగలు, అడాప్టర్ల వేటలోనే మిగతా డబ్బు అయిపోతుంది.

మెమరీ కార్డు వాడే పాత ఏవీసీహెచ్‌డీ క్యామ్‌కార్డర్లు కొంత నయం. వాటికి హెచ్‌డీఎంఐ ఉంటుంది కాబట్టి క్యాప్చర్ కార్డ్‌తో వాడుకోవచ్చు. కాకపోతే బ్యాటరీలు ఇంకా దొరుకుతున్నాయా అన్నది ముందే కనుక్కోవాలి.

మీ లాప్‌టాప్ ఆ వీడియోను మోయగలదా?

కెమెరా ఎంత గొప్పదైనా, ఆ ఫైల్‌ని తెరవలేని లాప్‌టాప్ ఉంటే ప్రయోజనం లేదు. వీడియో ఫైళ్లలో ఇప్పుడు రెండు రకాలు ముఖ్యం. హెచ్.264 ఎక్కడైనా ఆడుతుంది. హెచ్.265 లేదా హెచ్‌ఈవీసీ అనేది తక్కువ సైజులో మంచి నాణ్యత ఇస్తుంది కానీ కంప్యూటర్‌కి పని ఎక్కువ. 10-బిట్ హెచ్‌ఈవీసీ సాఫీగా ఆడాలంటే ఇంటెల్ ఏడో తరం ప్రాసెసర్ లేదా ఆ తర్వాతిది ఉండాలి. అంతకుముందు లాప్‌టాప్ అయితే కెమెరాలో హెచ్.264 ఎంచుకోవడమే మేలు.

స్టోరేజీ లెక్క కూడా ముందే వేసుకోవాలి. సెకనుకు 20 మెగాబిట్ల నాణ్యతతో రికార్డ్ చేస్తే గంటకు 9 జీబీ. మూడున్నర గంటల టీ20 మ్యాచ్‌కి 31 జీబీకి పైనే. 4కేలో 100 మెగాబిట్లతో తీస్తే గంటకు 45 జీబీ. రోజుకు నాలుగైదు మ్యాచ్‌లుండే టోర్నమెంట్ అయితే డిస్క్ ఖాళీ ఎంతుందో పొద్దున్నే చూసుకోవాలి. హార్డ్ డిస్క్ కంటే ఎస్ఎస్‌డీ ఉంటే ఫ్రేములు జారిపోవు.

కరెంటు పోయినా వీడియో పోకూడదంటే..

రికార్డింగ్‌కి ఓబీఎస్ స్టూడియో అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. యూవీసీ కెమెరా అయినా, క్యాప్చర్ కార్డ్ అయినా ఇందులో 'వీడియో క్యాప్చర్ డివైస్' కింద కనిపిస్తుంది. ఒకే సమయంలో లాప్‌టాప్‌లో రికార్డ్ చేస్తూ యూట్యూబ్‌కి లైవ్ కూడా ఇవ్వొచ్చు. ఇందులో రెండు సెట్టింగులు తప్పకుండా మార్చుకోవాలి.

ఒకటి.. ఎన్‌కోడర్. ప్రాసెసర్ మీద మొత్తం భారం వేయకుండా ఇంటెల్ క్విక్ సింక్ లేదా ఎన్‌వీడియా ఎన్‌వెంక్ ఎంచుకుంటే మామూలు లాప్‌టాప్ కూడా 50 ఫ్రేములు తట్టుకుంటుంది.

రెండు.. ఫైల్ రకం. సాధారణ ఎంపీ4లో రికార్డ్ చేస్తుండగా లాప్‌టాప్ ఆఫ్ అయితే మొత్తం ఫైల్ తెరుచుకోకుండా పోవచ్చు. రెండు గంటల మ్యాచ్ గాల్లో కలిసిపోయినట్టే. అదే ఎంకేవీలో రికార్డ్ చేస్తే ఆగిపోయిన క్షణం వరకు ఉన్నదంతా దక్కుతుంది. మ్యాచ్ అయ్యాక ఓబీఎస్‌లోనే దాన్ని ఎంపీ4గా మార్చుకోవచ్చు. జనరేటర్ మీద నడిచే ఊరి టోర్నమెంట్లలో ఇది మర్చిపోకూడదు.

దీంతోపాటు కెమెరాలోని కార్డులో కూడా రికార్డింగ్ నడుస్తూ ఉండాలి. కేబుల్ ఊడినా, లాప్‌టాప్ హ్యాంగ్ అయినా కార్డులో ఒక కాపీ ఉంటుంది. ముందు చెప్పిన 'రెండూ ఒకేసారి నడవాలి' అన్న షరతు ఇందుకే.

దూరం ఎక్కువైతే?

కెమెరా స్టాండ్ మీద, లాప్‌టాప్ స్కోరర్ టేబుల్ దగ్గర.. మధ్యలో 30 మీటర్లు. మామూలు హెచ్‌డీఎంఐ కేబుల్ అంత దూరం నమ్మకంగా పనిచేయదు. యూఎస్‌బీ కేబుల్ సంగతి అంతకన్నా కష్టం, అది కొద్ది మీటర్లకే పరిమితం. ఇలాంటి అవసరం ఉంటే ఎస్‌డీఐ అవుట్ ఉన్న కెమెరా చూడాలి. కేబుల్ టీవీ తీగలాంటి కోయాక్సియల్ కేబుల్‌తో పదుల మీటర్ల దూరం సిగ్నల్ వెళ్తుంది. కనెక్టర్ తిప్పి లాక్ చేసేది కాబట్టి లాగినా ఊడదు. పానసోనిక్ హెచ్‌సీ-ఎక్స్2000, కెనాన్ ఎక్స్ఏ75 లాంటి వాటిలో ఎస్‌డీఐ ఉంటుంది. ఎస్‌డీఐ తీసుకునే క్యాప్చర్ కార్డ్ వేరే కొనాలి. లేదంటే లాప్‌టాప్‌నే కెమెరా దగ్గరికి తెచ్చుకోవడం ఖర్చులేని పద్ధతి.

వైఫై ద్వారా పంపుకోవచ్చు కదా అంటారు కొందరు. జనం వేలల్లో, ఫోన్లు వేలల్లో ఉన్న చోట వైఫైని నమ్ముకుంటే వీడియో తెగిపోయే ప్రమాదం ఎక్కువ. తీగకు మించిన నమ్మకం లేదు.

మైక్, బ్యాటరీ.. ఈ రెండూ మర్చిపోవద్దు

మైక్ ఇన్‌పుట్ ఉన్న కెమెరా అయితే కామెంట్రీ మైక్‌ని నేరుగా కలపొచ్చు. ఆ శబ్దం హెచ్‌డీఎంఐలో వీడియోతో పాటే వెళ్తుంది, పెదాలకు మాటలకు తేడా రాదు. కామెంట్రీ లాప్‌టాప్‌లోకి విడిగా ఇస్తే కొన్ని మిల్లీసెకన్ల తేడా వస్తుంది. దాన్ని ఓబీఎస్‌లో సింక్ ఆఫ్‌సెట్‌తో సరిచేసుకోవాలి.

కెమెరాను అడాప్టర్ మీద నడుపుతున్నా బ్యాటరీ తీయకూడదు. కరెంటు పోతే బ్యాటరీ అందుకుంటుంది. ఇంకో చిన్న విషయం.. మెనూలో 'ఆటో పవర్ ఆఫ్' ఉంటుంది. కార్డులో రికార్డ్ చేయకుండా కేవలం హెచ్‌డీఎంఐలో పంపుతుంటే, ఎవరూ వాడటం లేదనుకుని కొన్ని కెమెరాలు ఐదు నిమిషాలకే నిద్రపోతాయి. దాన్ని ఆఫ్ చేసి పెట్టాలి.

షాపులో డబ్బులు కట్టేముందు ఈ పరీక్షలు చేయండి

సొంత లాప్‌టాప్, క్యాప్చర్ కార్డ్, కేబుల్ వెంట తీసుకెళ్లండి. 'మ్యాచ్ రికార్డింగ్‌కి కావాలి, ఒకసారి పెట్టి చూస్తా' అని చెబితే కాదనేవాళ్లు తక్కువ. కాదంటే ఇంకో షాపు చూసుకోవడమే.

1. కెమెరాను లాప్‌టాప్‌కి కలిపి ఓబీఎస్‌లో బొమ్మ వస్తోందో లేదో చూడండి. వస్తే దాని మీద బ్యాటరీ గుర్తులు, అక్షరాలు లేకుండా ఉందా?

2. ఓబీఎస్‌లో రిజల్యూషన్, ఫ్రేమ్ రేట్ జాబితా తెరవండి. 1920 ఇంటూ 1080, 50 ఫ్రేములు కనిపిస్తున్నాయా?

3. కెమెరా ముందు చేతిని వేగంగా ఊపి రికార్డ్ చేయండి. ఆపి చూస్తే దువ్వెన గీతలున్నాయా?

4. షాపులోని ట్యూబ్‌లైట్ వైపు కెమెరా తిప్పండి. మినుకుతోందా?

5. కార్డులో రికార్డింగ్ మొదలుపెట్టండి. లాప్‌టాప్‌లో బొమ్మ ఆగకుండా వస్తోందా?

6. రికార్డ్ చేయకుండా పది నిమిషాలు అలాగే వదిలేయండి. కెమెరా ఆగిపోయిందా?

7. కార్డులోని ఫైల్‌ని లాప్‌టాప్‌లో కాపీ చేసి ఆడించండి. ఆగి ఆగి వస్తోందా?

ఆన్‌లైన్‌లో కొంటుంటే ఇవే ప్రశ్నలకు కంపెనీ వెబ్‌సైట్‌లోని యూజర్ మాన్యువల్‌లో జవాబులు వెతకాలి. మాన్యువల్ డౌన్‌లోడ్‌కి డబ్బులు అడగరు. వస్తువు రాగానే రిటర్న్ గడువు లోపే ఈ పరీక్షలన్నీ పూర్తి చేయాలి.

మ్యాచ్ రోజు ఇలా చేయండి

పగటి పూట క్రికెట్‌కి షట్టర్ స్పీడ్ సెకనులో 500వ వంతు పెడితే బంతి గీతలా సాగకుండా కనిపిస్తుంది. రాత్రి లైట్ల కింద మాత్రం 50వ వంతు లేదా 100వ వంతు దగ్గరే ఉంచాలి. నెట్ వెనక నుంచి తీస్తుంటే ఆటో ఫోకస్ వల మీదే ఆగిపోతుంది, మాన్యువల్‌కి మార్చుకోవాలి. ట్రైపాడ్ కాళ్లకు ఇసుక సంచో, నీళ్ల క్యానో కట్టాలి. గంట ముందే వెళ్లి పది నిమిషాలు రికార్డ్ చేసి, శబ్దంతో సహా వెనక్కి వేసి చూసుకోవాలి.

నిర్వాహకుల అనుమతి తీసుకోవడం మాత్రం తప్పనిసరి. ప్రసార హక్కులు అమ్ముడైన పెద్ద మ్యాచ్‌లను రికార్డ్ చేసి పెడితే చిక్కులొస్తాయి. ఆడుతున్నది స్కూలు పిల్లలైతే వాళ్ల తల్లిదండ్రులకు చెప్పకుండా లైవ్ పెట్టకూడదు.

ఒక్క మాటలో చెప్పాలంటే.. ముందు లాప్‌టాప్ చూసుకోండి, తర్వాత ఆట చూసుకోండి, ఆ రెండింటికీ సరిపడే కెమెరా ఆఖరున ఎంచుకోండి. యూవీసీ లేదా క్లీన్ హెచ్‌డీఎంఐ, 1080పీ 50 ఫ్రేములు, ఆటకు తగ్గ జూమ్, ఆగకుండా నడిచే పవర్.. ఈ నాలుగూ ఉంటే ఏ కంపెనీ అయినా పర్వాలేదు. ఏడాదంతా సాధన చేసిన కుర్రాడు చివరి రైడ్‌కి వెళ్లేటప్పుడు, కెమెరా పనిచేస్తోందా లేదా అన్న అనుమానం ఎవరికీ ఉండకూడదు కదా!